టవర్ లేని ఎయిర్‌పోర్టులో రన్‌వే ఖాళీగా ఉందని ఎవరు చెబుతారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు టెక్సస్‌లో, టవర్ (రేడియోలో విమానాలకి అనుమతులిచ్చే కంట్రోలర్లు) ఉన్న ఎయిర్‌పోర్టులో సెస్నా 172 అనే చిన్న విమానం నేర్చుకుంటున్నారు. ఎగిరిన సమయం 22 గంటలు అయింది. వచ్చే వారం మీ ఇన్‌స్ట్రక్టర్ టవర్ లేని చిన్న ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తానన్నారు, కొన్నాళ్ళకి అక్కడికే సోలో, అంటే ఒంటరిగా. "క్లియర్డ్ టు ల్యాండ్ అని చెప్పే గొంతు లేకపోతే రన్‌వే ఖాళీ అని నాకెలా తెలుస్తుంది? ఇద్దరం ఒకేసారి వస్తే ఎవరు ముందు దిగాలి? కొన్ని విమానాలకి అసలు రేడియోనే ఉండదట, నిజమేనా?" అని అడిగారు.

మూడో దానికి ముందు జవాబు: నిజమే. మొదటి దానికి జవాబు: ఎవరూ చెప్పరు, మీరే కళ్ళతో చూసి తేల్చుకోవాలి. తేలకపోతే, నేల మీద ఉంటే రన్‌వే ముందున్న పసుపు గీత దాటకండి. గాల్లో ఉంటే గో-అరౌండ్ చేయండి, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి వెళ్ళండి. ఈ రెండూ గుర్తుంటే మిగతాది నిదానంగా చదువుకోవచ్చు.

నా గురించి ఒక్క ముక్క. వారమంతా సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు సెస్నాలో కుడి సీటు. పదకొండేళ్ళుగా నార్త్ టెక్సస్‌లో నేర్పిస్తున్నాను, అందులో ఎక్కువ భాగం టవర్ లేని చోటే. అందుకే మీ టెన్షన్ నాకు కొత్త కాదు. టవర్ దగ్గర నేర్చుకున్న ప్రతి స్టూడెంటూ ఇదే అడుగుతాడు. కానీ ఒకటి గమనించండి. అమెరికాలో జనం వాడుకునే ఎయిర్‌పోర్టులు ఐదు వేల దాకా ఉంటే, టవర్ ఉన్నవి ఐదు వందల పైచిలుకు మాత్రమే. టవర్ లేకపోవడమే ఇక్కడ మామూలు. ప్రైవేట్ లైసెన్సుకి టవర్ ఉన్న చోట మూడు సోలో టేకాఫులు, ల్యాండింగులు చేసి ఉండాలని రూల్స్‌లో ప్రత్యేకంగా రాశారు చూడండి. ఎందుకంటే చాలామంది టవర్ ముఖం చూడకుండానే విమానం నేర్చుకుంటారు.

ఇక రేడియో సంగతి. టవర్ లేని చోట అందరూ మాట్లాడుకునే ఉమ్మడి ఫ్రీక్వెన్సీని సీటాఫ్ అంటారు. చార్టులో, అంటే పైలట్ల మ్యాపులో, ఆ అంకె పక్కన చిన్న వృత్తంలో సీ అక్షరం ఉంటుంది. ఎక్కువగా 122.7, 122.8, 122.9, 123.0 కనిపిస్తాయి. అందులో మాట్లాడటం మంచి అలవాటు, ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) గట్టిగా చెప్పే అలవాటు, కానీ చాలా చిన్న ఎయిర్‌పోర్టుల్లో తప్పనిసరి కాదు. పాత పైపర్ కబ్ లాంటి వాటిలో కరెంటు వ్యవస్థే ఉండదు. ప్రొపెల్లర్ చేత్తో తిప్పి స్టార్ట్ చేస్తారు. వాళ్ళు రేడియో లేకుండా వచ్చి దిగి వెళ్ళిపోవచ్చు, అది పూర్తిగా చట్టబద్ధం. మీరు వాళ్ళని చూడాలి, వాళ్ళు మిమ్మల్ని చూడాలి. అంతే.

రేడియో ఉన్నవాళ్ళతోనైనా భరోసా ఉంటుందా అంటే, నాకు జరిగింది చెప్తాను.

నాలుగేళ్ళ కిందట ఒక శనివారం పొద్దున. స్టూడెంట్ గుంటూరు కుర్రాడు, చేతి నేర్పు చక్కగా ఉండేది. రన్-అప్ దగ్గర, అంటే టేకాఫ్‌కి ముందు ఇంజన్ పరీక్షలో, 1800 ఆర్‌పీఎం పెట్టి మ్యాగ్నెటోలు చూశాం, ట్రిమ్ చూశాం, చెక్‌లిస్టు పూర్తయింది. హెడ్‌సెట్‌లో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. "ఇవాళ ఎవరూ లేరన్నా, రన్‌వే మొత్తం మనదే" అన్నాడు. శనివారం, ఎండ, గాలి లేదు, టెక్సస్. అలాంటి పొద్దున ఎవరూ లేకపోవడం ఏమిటని నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. వాడు "టేకింగ్ రన్‌వే వన్ సెవెన్" అని చెప్పి బ్రేకులు వదిలాడు. ఫైనల్ వైపు, అంటే దిగేవాళ్ళు రన్‌వేకి సూటిగా వచ్చే దారి వైపు, చూశాం, ఖాళీ. ముక్కు గీత దగ్గరికి వస్తుండగా కుడి కంటి చివర ఏదో పసుపుపచ్చగా కదిలింది. పొలాలకి మందు కొట్టే ఎయిర్ ట్రాక్టర్, అవతలి చివర నుంచి, 35 మీద (అదే రన్‌వేకి ఎదురు దిశ నంబరు) దిగి మా వైపే దొర్లుకుంటూ వస్తోంది. నా కాళ్ళు బ్రేకుల మీదికి ఎప్పుడు వెళ్ళాయో నాకే తెలియదు. ముక్కు కిందికి వంగి మళ్ళీ లేచింది. ఆ పసుపు విమానం మా ముందు నుంచి వెళ్ళి పక్కకి తిరిగింది.

అప్పుడు రేడియో వైపు చూశాను. 122.8 ఉండాల్సిన చోట 122.9 ఉంది. ఒక్క అంకె. మేం ఆ పొద్దున చెప్పిన మాటలన్నీ ఇంకెక్కడో వినిపించి ఉంటాయి. తర్వాత ఫ్యూయల్ పంపు దగ్గర ఆ పైలట్‌ని కలిసి సారీ చెప్పాం. ఆయన నాలుగుసార్లు కాల్ ఇచ్చాడట. మేం ఒక్కటీ వినలేదు.

రేడియో నిశ్శబ్దంగా ఉంటే రన్‌వే ఖాళీగా ఉందని లెక్క వేయొద్దు. ముందు మీ రేడియోని అనుమానించండి. నేను ఇప్పుడు ప్రతిసారీ మూడు పనులు చేస్తాను. చార్టులో ఉన్న అంకెని, రేడియోలో ఉన్న అంకెని వేలు పెట్టి పైకి చదువుతాను. వాల్యూమ్ చూస్తాను, ఎందుకంటే వాతావరణం రికార్డింగ్ విన్నాక తగ్గించి మర్చిపోవడం అందరికీ అలవాటే. స్క్వెల్చ్ (గరగర శబ్దాన్ని ఆపే ఏర్పాటు) తీసి ఆ గరగర ఒక్క క్షణం వింటాను. చెవిలో గరగర వచ్చిందంటే హెడ్‌సెట్ పనిచేస్తున్నట్టు.

నిశ్శబ్దం సంగతి సరే, మరి జవాబు వస్తే నమ్మొచ్చా? ఇక్కడే 1996 నాటి క్విన్సీ ప్రమాదం గురించి మీరు తెలుసుకోవాలి. నా స్టూడెంట్లు ఎవరూ ఇది వినకుండా నా దగ్గర సోలోకి వెళ్ళరు.

ఇల్లినాయ్ రాష్ట్రంలో క్విన్సీ ఎయిర్‌పోర్టుకి టవర్ లేదు. రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. 1996 నవంబర్ 19 సాయంత్రం యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ 5925, అంటే బీచ్ 1900 అనే చిన్న ప్యాసింజర్ విమానం, రన్‌వే 13 మీద దిగడానికి వస్తోంది. అదే సమయంలో కింగ్ ఎయిర్ అనే రెండు ఇంజన్ల విమానం రన్‌వే 04 మీద టేకాఫ్‌కి సిద్ధంగా ఉంది. దాని వెనక చెరొకీ అనే చిన్న విమానం తన వంతు కోసం ఆగి ఉంది. దిగుతున్న కెప్టెన్ అనుమానం వచ్చి, రన్‌వే 04 మీద ఉన్న విమానం ఆగుతుందా, టేకాఫ్ చేస్తుందా అని రేడియోలో అడిగింది. చూడండి, ఆమె సరైన ప్రశ్నే అడిగింది. జవాబు కూడా వచ్చింది. కానీ ఆ జవాబు ఇచ్చింది కింగ్ ఎయిర్ కాదు, వెనకున్న చెరొకీ పైలట్. తాను ఆగి ఉన్నానని చెప్పాడు. ఆ మాట సగంలో ఉండగా బీచ్ కాక్‌పిట్‌లో ఎత్తు చెప్పే హెచ్చరిక గొంతు అడ్డుపడింది. వాళ్ళకి చెవిన పడిన ముక్కలు కలిపితే "ఆగి ఉన్నాం" అని కింగ్ ఎయిరే అన్నట్టు అనిపించింది. కింగ్ ఎయిర్ నుంచి మాత్రం టేకాఫ్ చేస్తున్నామన్న మాట రాలేదు. బీచ్ దిగింది, కింగ్ ఎయిర్ పరుగు మొదలుపెట్టింది, రెండు రన్‌వేలు కలిసే చోట గుద్దుకున్నాయి. మొత్తం 14 మంది పోయారు. బీచ్‌లో ఉన్నవాళ్ళు గుద్దుకున్న దెబ్బకి చనిపోలేదు. తలుపు తెరుచుకోలేదు, పొగలో ఇరుక్కుపోయారు. ఎయిర్‌పోర్టులో సరైన ఫైర్ సర్వీస్ కూడా లేదు.

అమెరికాలో ప్రమాదాలని దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ ప్రధాన కారణంగా చెప్పింది కింగ్ ఎయిర్‌లో ఉన్నవాళ్ళు రేడియో సరిగ్గా వినకపోవడం, రన్‌వే మీదికి వచ్చే ట్రాఫిక్ కోసం సరిగ్గా చూడకపోవడం. చెరొకీ మాటని అపార్థం చేసుకోవడం దానికి తోడైంది. నేను ఈ కథ చెప్పగానే స్టూడెంట్లు చెరొకీ పైలట్‌ని తిడతారు. నాకైతే ఆ కెప్టెన్ మీదే ఎక్కువ ఆలోచన వస్తుంది. అడిగింది, జవాబు విన్నది, నమ్మింది. మనలో చాలామంది అదే చేస్తాం. అందుకే నా పద్ధతి ఇదీ: ఎవరు జవాబు చెప్పారో పేరుతో సహా తెలిస్తేనే, ఆ విమానం నా కంటికి కనిపిస్తేనే అది జవాబు. లేకపోతే మళ్ళీ అడుగుతాను. అడిగే టైం లేకపోతే థ్రాటిల్ ముందుకి తోసి పైకి వెళ్ళిపోతాను.

అలాగని కాల్స్ ఇవ్వడం మానొద్దు. దాదాపు పది మైళ్ళ దూరం నుంచి మొదలుపెట్టండి. ఇలా ఉంటుంది (స్కైహాక్ అంటే మీ 172): "ఫలానా ట్రాఫిక్, స్కైహాక్ త్రీ ఫోర్ పాపా, టెన్ మైల్స్ సౌత్, టూ థౌజండ్ ఫైవ్ హండ్రెడ్, ఇన్‌బౌండ్ ఫర్ ల్యాండింగ్ రన్‌వే వన్ సెవెన్, ఫలానా." ఎయిర్‌పోర్టు పేరు మొదట ఒకసారి, చివర ఒకసారి. ఇది చాదస్తం కాదు. 122.8 మీద పదుల కొద్దీ ఎయిర్‌పోర్టులు ఉంటాయి, మూడు వేల అడుగుల ఎత్తులో ఉంటే పక్క జిల్లా వాళ్ళంతా వినిపిస్తారు. ఎవరో రన్‌వే 17 మీద ఫైనల్‌లో ఉన్నానంటే మీ గుండె ఝల్లుమంటుంది, తీరా చూస్తే అతను నలభై మైళ్ళ అవతల ఇంకో ఊళ్ళో ఉంటాడు. మొదట్లో పేరు మిస్సయితే చివర్లోనైనా పట్టుకోవచ్చని రెండుసార్లు.

అందరూ అనే మాట ఒకటుంది, "ఎనీ ట్రాఫిక్ ఇన్ ద ఏరియా, ప్లీజ్ అడ్వైజ్" అని. దయచేసి అనకండి. ఏ పరిస్థితిలోనూ వాడొద్దని ఎఫ్‌ఏఏ మాన్యువల్‌లో రాసే ఉంది. ఊరి పొలిమేరలో నిలబడి "ఎవరెవరు ఇళ్ళల్లో ఉన్నారో అందరూ ఒక్కసారి పలకండి" అన్నట్టుంటుంది. నలుగురూ ఒకేసారి బటన్ నొక్కుతారు, చెవిలో కీచుమని శబ్దం తప్ప ఏమీ మిగలదు. దాని బదులు పది నిమిషాల ముందు నుంచి వినండి. ఎవరెక్కడున్నారో బొమ్మ దానంతట అదే మనసులో పడుతుంది.

ఇంకో సలహా, ఇన్‌స్ట్రుమెంట్ పైలట్లకి (పరికరాల సాయంతో నడిపేవాళ్ళకి) కూడా పనికొస్తుంది. కొందరు తమ అప్రోచ్‌లోని పాయింటు పేరు చెప్పి ఊరుకుంటారు, ఐదు అక్షరాల అర్థం లేని పేరు. 22 గంటల స్టూడెంటుకి అదెక్కడుందో ఎలా తెలుస్తుంది? ఎన్ని మైళ్ళు, ఏ దిక్కు, ఎంత ఎత్తు. ఇంతే చెప్పాలి. అలాంటి కాల్ మీరు వింటే సిగ్గుపడకుండా "ఎన్ని మైళ్ళలో ఉన్నారు" అని అడగండి.

తప్పు రన్‌వే నంబరు చెప్పడం గురించి కూడా చెప్పాలి, నేనే చేశాను కాబట్టి. ఒక రోజు మూడు రౌండ్లు 17 మీద దిగుతూ "రన్‌వే త్రీ ఫైవ్" అని చెప్పుకుంటూ తిరిగాను. చివరికి చెరొకీలో ఒక పెద్దావిడ చాలా మర్యాదగా "మీరు నిజంగా 35 మీదే ఉన్నారా, నాకు ఎదురుగా ఎవరూ కనబడటం లేదు" అంది. పక్కన స్టూడెంట్ కిసుక్కుమన్నాడు. అప్పటి నుంచి రన్‌వే నంబరు నీబోర్డు (తొడకి కట్టుకునే రాత పలక) మీద పెద్దగా రాసి, హెడింగ్ బగ్ (దిక్కు చూపే పరికరంలోని గుర్తు) ఆ నంబరు మీద పెడతాను.

ఇద్దరం ఒకేసారి వస్తే ఎవరు ముందు? ఎఫ్‌ఏఏ రూల్ 91.113 లో ఉంది. ఫైనల్‌లో ఉన్నవాళ్ళకి, దిగుతున్నవాళ్ళకి మిగతా అందరి మీదా హక్కు. ఇద్దరూ దిగడానికే వస్తుంటే తక్కువ ఎత్తులో ఉన్నవాళ్ళది ముందు. కానీ ఆ హక్కు పట్టుకుని ఫైనల్‌లో ఉన్నవాడి ముందు దూరకూడదు, దాటి వెళ్ళకూడదు. అలాగే దిగి రన్‌వే వదలడానికి ప్రయత్నిస్తున్నవాణ్ణి వెనక నుంచి వచ్చి తరమకూడదు. ఇది చట్టం. కాగితం మీద మీదే హక్కయినా, అవతలివాడు ఆగడని అనిపిస్తే మీరే తప్పుకోండి. హైదరాబాద్‌లో బండి నడిపి ఉంటే ఇది ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

ప్యాటర్న్ (రన్‌వే చుట్టూ విమానాలు తిరిగే నిర్ణీత దారి) విషయం మీ ఇన్‌స్ట్రక్టర్ ఎలాగూ చూపిస్తారు, క్లుప్తంగా చెప్తాను. మామూలుగా నేల నుంచి 1,000 అడుగులు, మలుపులు ఎడమకి. కుడి అయితే చార్టులో ఆర్‌పీ అని ఉంటుంది. టర్బైన్ విమానాలు 1,500 అడుగుల దగ్గర తిరుగుతాయి. డౌన్‌విండ్‌లోకి, అంటే రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వెళ్ళే భాగంలోకి, 45 డిగ్రీల కోణంలో, రన్‌వే మధ్య భాగానికి ఎదురుగా, అప్పటికే ప్యాటర్న్ ఎత్తులో ఉండి చేరండి. పై నుంచి దిగుతూ ప్యాటర్న్‌లోకి రావద్దు. మీ 172 కి రెక్క పైన ఉంటుంది, మీరు తిరిగే వైపు పైన ఏముందో అదే మూసేస్తుంది. పైపర్ లాంటి వాటికి రెక్క కింద, వాళ్ళకి కింద ఏముందో కనబడదు. పైన ఉన్న పైపర్ దిగుతూ, కింద ఉన్న సెస్నా అదే దారిలో ఉంటే ఇద్దరిలో ఎవరికీ రెండోవాడు కనిపించడు. బేస్‌కి (ఫైనల్‌కి ముందు అడ్డంగా వెళ్ళే భాగానికి) తిరిగే ముందు రెక్క ఒక్కసారి ఎత్తి చూడమనేది అందుకే.

ఢీకొనే విమానం మీ కిటికీలో కదలదు. అటూ ఇటూ కదిలే విమానం మీ పక్కనుంచి పోతుంది. గాజు మీద ఈగ మచ్చలా ఒకే చోట ఉండిపోయి, కొద్దికొద్దిగా పెద్దదయ్యేదే ప్రమాదం. కన్ను కదిలేదాన్ని పట్టినంత తేలిగ్గా కదలని దాన్ని పట్టదు. చూసి, గుర్తుపట్టి, ఏం చేయాలో తేల్చుకుని, విమానం నిజంగా దారి మారేసరికి 12.5 సెకన్లు పడుతుందని ఎఫ్‌ఏఏ సర్క్యులర్ లెక్క. 12 సెకన్లు ఒకసారి పైకి లెక్కపెట్టి చూడండి, ఎంత ఎక్కువో తెలుస్తుంది.

2022 ఆగస్టు 18 న కాలిఫోర్నియా వాట్సన్‌విల్‌లో జరిగింది కూడా ఇక్కడే చెప్పాలి. సెస్నా 152 ప్యాటర్న్‌లో తిరుగుతోంది. రెండు ఇంజన్ల సెస్నా 340 సూటిగా ఫైనల్‌కి వస్తోంది. ఇద్దరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడారు, ఇద్దరూ ఒకరి గురించి ఒకరు విన్నారు. 340 మాత్రం సుమారు 180 నాట్ల (నాటు అంటే గంటకి ఒక సముద్ర మైలు) వేగంతో వచ్చింది, దిగడానికి రావాల్సిన దాని కంటే చాలా ఎక్కువ. వేగంగా వస్తున్నావు, నేను గో-అరౌండ్ చేస్తానని చివర్లో 152 పైలట్ అన్నాడు. కొద్ది క్షణాల్లో రన్‌వేకి దగ్గరలోనే ఢీకొన్నాయి. ముగ్గురు చనిపోయారు. ఎవరైనా "త్రీ మైల్ ఫైనల్" అన్నప్పుడు ఆ మూడు మైళ్ళు ఎంతసేపో వాళ్ళ వేగాన్ని బట్టి ఉంటుందని గుర్తు పెట్టుకోండి. మీ 172 ఫైనల్‌లో 65 నాట్ల దగ్గర ఒక మైలుకి 55 సెకన్లు తీసుకుంటుంది. 120 నాట్లతో వచ్చే జెట్‌కి 30 సెకన్లు. 180 తో అయితే 20. మీ ఊహలో మాత్రం అందరూ మీ వేగంతోనే వస్తుంటారు.

సూటిగా ఫైనల్‌కి రావడం తప్పు కాదు. 2023 లో వచ్చిన ఎఫ్‌ఏఏ 90-66సీ సర్క్యులర్ కూడా దాన్ని నిషేధించదు, ప్యాటర్న్‌లో ఉన్నవాళ్ళకి అడ్డం పడొద్దంటుంది. నా అభిప్రాయం మాత్రం కటువుగానే ఉంటుంది. ప్యాటర్న్‌లో ఇద్దరు స్టూడెంట్లు తిరుగుతుంటే, ఐదు నిమిషాలు మిగుల్చుకోవడానికి సూటిగా దూసుకొచ్చేవాడికి అనుభవం ఎంత ఉన్నా మర్యాద లేనట్టే. మీరు చేయాల్సింది వాడితో వాదన పెట్టుకోవడం కాదు. డౌన్‌విండ్ పొడిగించండి, వాడు మీ రెక్క పక్కనుంచి దాటిపోవడం కంటితో చూశాకే బేస్‌కి తిరగండి.

ఇప్పుడు నేల మీదికి వద్దాం.

రన్‌వేకి ముందు ట్యాక్సీవే (రన్‌వేకి చేరే దారి) మీద నాలుగు పసుపు గీతలు అడ్డంగా ఉంటాయి. మీ వైపు రెండు గట్టి గీతలు, రన్‌వే వైపు రెండు తెగిన గీతలు. గట్టి గీతల వైపు నుంచి ఆగాలి, తెగిన గీతల వైపు నుంచి దాటి రావచ్చు. దిగాక తోక కూడా ఆ గీతలన్నీ దాటేదాకా మీరు రన్‌వే మీదే ఉన్నట్టు. స్టూడెంట్లు చేసే పొరపాటు ఇదే. ముక్కు ట్యాక్సీవేలోకి రాగానే ఆగి ఫ్లాప్స్ (రెక్కల వెనక పలకలు) ఎత్తుతూ, చెక్‌లిస్టు తీస్తూ కూర్చుంటారు. తోక ఇంకా రన్‌వే భద్రతా హద్దులోనే ఉంటుంది, వెనక ఒకడు రన్‌వేకి బాగా దగ్గరగా, షార్ట్ ఫైనల్‌లో ఉంటాడు. గీతలు దాటండి, ఆగండి, "క్లియర్ ఆఫ్ రన్‌వే" అనండి, ఆ తర్వాతే ఫ్లాప్స్.

టేకాఫ్‌కి ముందు నేను గీత దగ్గర విమానాన్ని నేరుగా నిలబెట్టను. బేస్, ఫైనల్ కనిపించేలా కొంచెం అటు తిప్పి నిలబెడతాను. చోటుంటే ఉన్నచోటే మొత్తం ఒక చుట్టు తిప్పుతాను. ఆకాశం మొత్తం కిటికీ ముందు నుంచి పోతుంది. ఆ తర్వాత అవతలి చివర కూడా చూస్తాను, ఆ పసుపు విమానం నేర్పిన పాఠం. గేటు లేని చోట రైలు పట్టాలు దాటే మనిషి రెండు వైపులా చూస్తాడు కదా, బండి ఎటు నుంచి రావాలో టైంటేబుల్‌లో ఉన్నా సరే. గాలి లేని రోజు ఇది మరీ ముఖ్యం. గాలి ఉంటే అందరూ ఎదురుగాలి రన్‌వే ఎంచుకుంటారు. లేకపోతే ఒకడు 17 అంటాడు, పెట్రోలు పంపు దగ్గర పడుతుందని ఇంకొకడు 35 అంటాడు.

రన్‌వే ఎక్కాక అక్కడ నిలబడి పనులు పెట్టుకోవద్దు. టవర్ ఉన్న చోట "లైన్ అప్ అండ్ వెయిట్" అంటే వెనక నుంచి వచ్చేవాణ్ణి టవర్ చూసుకుంటుంది. ఇక్కడ మీ వీపు ఫైనల్ వైపు ఉంటుంది, చూసేవాళ్ళు లేరు. ట్రాన్స్‌పాండర్, లైట్లు, మిక్స్చర్ అన్నీ గీత ఇవతలే ముగించండి. ఎవరైనా చిన్న విమానం రెండు మైళ్ళ లోపు ఫైనల్‌లో ఉంటే నేను కదలను. జెట్ అయితే ఐదు మైళ్ళు. రూల్‌లో ఈ అంకెలు ఉండవు, నా సొంతవి.

కొన్ని ఎయిర్‌పోర్టుల్లో సమాంతర ట్యాక్సీవే ఉండదు, రన్‌వే మీదే వెనక్కి నడిపించుకుని వెళ్ళాలి. బ్యాక్-ట్యాక్సీ అంటారు. మీ విమానం రెండు మూడు నిమిషాలు రన్‌వే మీద, అదీ ఎదురుముఖంగా. మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, తిరిగేటప్పుడు ఒకసారి చెప్పండి. ల్యాండింగ్ లైటు పగలైనా వేసే ఉంచండి, ఫైనల్‌లో ఉన్నవాడికి నల్లటి రన్‌వే మీద తెల్లటి సెస్నా కంటే లైటే ముందు కనిపిస్తుంది.

ఐప్యాడ్‌లో ట్రాఫిక్ కనిపిస్తుంది కదా అంటారేమో. విమానాలు తామెక్కడున్నాయో తామే ప్రసారం చేసే ఏడీఎస్-బీ మంచిదే, నేనూ వాడతాను. పది మైళ్ళ దూరంలో ఎవరున్నారో ముందే తెలుస్తుంది. కానీ 2020 నుంచి తప్పనిసరి అయింది కొన్ని రకాల ఎయిర్‌స్పేస్‌లోనే. చాలా చిన్న ఎయిర్‌పోర్టులు ఆ పరిధిలోకి రావు. కబ్ కనిపించదు, గడ్డి కోసే ట్రాక్టరు కనిపించదు, జింక అసలే కనిపించదు. ప్యాటర్న్‌లోకి వచ్చాక నేను స్టూడెంట్ ఐప్యాడ్‌ని బోర్లా తిప్పేస్తాను. కొందరికి కోపం వస్తుంది.

రాత్రి సోలో మీకు ఇప్పుడే రాదు, అయినా ఒక ముక్క. మైక్ బటన్ ఐదు సెకన్లలో ఏడుసార్లు నొక్కితే రన్‌వే లైట్లు పూర్తి వెలుగుతో వస్తాయి, ఐదు నొక్కితే మధ్యస్తం, మూడు నొక్కితే తక్కువ. పదిహేను నిమిషాలు ఉంటాయి. మీ ముందు ఎవరో వెలిగించిన లైట్లు మీరు ఫైనల్‌లో ఉండగా ఆరిపోవచ్చు, అందుకని దగ్గరికి వచ్చాక మళ్ళీ నొక్కండి. గ్లైడర్లు ఉండే ఎయిర్‌పోర్టయితే వాటికి దారి ఇవ్వండి, అవి గో-అరౌండ్ చేయలేవు. పారాచూట్ వాళ్ళుంటే రన్‌వే మీదుగా ఎగరకండి.

"భయపడి గో-అరౌండ్ చేస్తే నవ్వుతారా?" అని మీరు చివర్లో రాశారు. మా దగ్గర ఒక అమ్మాయి మొదటి సోలోలో వరుసగా రెండుసార్లు గో-అరౌండ్ చేసింది. ఒకసారి రన్‌వే పక్కన పికప్ ట్రక్కు కదిలినట్టు అనిపించిందట. రెండోసారి ఎవరో చెప్పిన నంబరు అర్థం కాలేదట. నేను కింద నిలబడి చూస్తున్నాను, ట్రక్కు ఆగే ఉంది. మూడోసారి దిగి వచ్చాక నేను ఆ ట్రక్కు గురించి మాట్లాడలేదు. లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాను. పెట్రోలు ఖర్చు రెండు రౌండ్లది, అంతే.

వచ్చే వారం వెళ్ళే ముందు ఒక పని చేయగలిగితే చేయండి. శనివారం పొద్దున కారులో ఆ ఎయిర్‌పోర్టుకి వెళ్ళండి. మీ స్కూల్లో చేతి రేడియో అడిగితే ఇస్తారు. ఫ్యూయల్ పంపు దగ్గర బెంచీ మీద కూర్చుని ఫ్రీక్వెన్సీ పెట్టుకుని ఒక గంట వినండి. ప్రతి కాల్ వినగానే వాడెక్కడున్నాడో ముందు ఊహించి, తర్వాత తలెత్తి ఆకాశంలో వెతకండి. చెప్పిన చోట కాకుండా వేరే చోట ఎంతమంది ఉన్నారో, అసలు మాట్లాడకుండా ఎంతమంది దిగారో కాగితం మీద గీతలు పెట్టండి. టోపీ, నీళ్ళ బాటిలు తీసుకెళ్ళండి, అక్కడ నీడ ఉండదు.